మొహమాటానికి రెండు కెమెరాలు

మామయ్యకి నమస్కారాలు.

ఫోన్ చేస్తే "అంతా బాగానే ఉంది" అని పెట్టేస్తారు, అందుకే ఉత్తరం. నేను స్టూడియోలో ఉద్యోగం మానేశాను. ఇకనుంచి పెళ్లిళ్లు సొంతంగా తీస్తాను. మొదటి పెళ్లి వచ్చే నెలలోనే ఒప్పుకున్నాను. ఇన్నాళ్లూ తీసింది స్టూడియో వాళ్ల కెమెరాతో కాబట్టి, నాకంటూ కెమెరా లేదు.

మా వీధి చివర కొట్లో రెండు చూశాను. ఒకటి పాతది, అచ్చం మీదాని లాంటి నల్ల మొద్దు. పెద్ద పెద్ద ఫొటోగ్రాఫర్లు వాడే రకం. రెండోది కొత్తది, మధ్యరకం. అరచేతిలో ఇమిడిపోతుంది, చీకట్లోనూ తీస్తుంది, మనిషి కళ్లని తనే వెతికి పట్టుకుంటుంది. పాతదాన్ని ఒక్కసారి నొక్కి చూశాను. ఆ "ఠక్" వినగానే, మా వరండాలో మీరు అమ్మని "కాస్త నవ్వక్కా" అని బతిమాలుతున్నట్టే అనిపించింది. ఏది కొనమంటారు?

మీ మేనకోడలు

తా.క. మీ కెమెరా ఇంకా పనిచేస్తోందా? ఊరికే అడుగుతున్నాను.


కందిరీగకి మామయ్య ఆశీస్సులు.

నువ్వు చిన్నప్పుడు కడుపు మాడిపోతున్నా "అన్నం పెట్టు" అనేదానివి కాదు. "ఇవాళ వంటేమిటి, ఊరికే అడుగుతున్నా" అనేదానివి. కాబట్టి నీ తా.క. నాకు బాగానే అర్థమైంది.

కళ్లు వెతికిపెట్టే కెమెరా ఉంటే ఇక ఫొటోగ్రాఫర్ దేనికి, భోజనాల బంతిలో కూర్చోవడానికా? నా కెమెరా వానలో తడిసింది. మెట్ల మీద దొర్లింది. ఒక పెళ్లిలో పెళ్లికొడుకు తమ్ముడు దాని మీద కూర్చున్నాడు. ఒక్క ఫొటో పోలేదు. రీళ్ల కాలం పోయి డిజిటల్ వచ్చినప్పుడు "ఇక నీ పని అయిపోయింది" అన్నవాళ్ల ముందు నన్ను తలెత్తుకు తిరిగేలా చేసింది అదే.

కానీ ఇప్పుడు దాని బరువుకి నాకు మెడ పట్టేస్తోంది, పెళ్లిళ్లు తియ్యడం మానేశాను. పనిచేసే చేతుల్లో ఉండాల్సినది బీరువాలో ఎందుకు? పార్సిల్ చేస్తున్నాను. ఏం చెయ్యాలో నీకు తెలుసు.

మామయ్య

తా.క. పార్సిల్ కట్టడానికి నాకు పూటంతా పట్టింది. "పిల్లని కాపురానికి పంపుతున్నారా?" అంది మీ అత్తయ్య. ఆవిడ మాట పట్టించుకోకు.


మామయ్యకి నమస్కారాలు.

పార్సిల్ అందింది. మెడ నొప్పి సంగతి చదివి కంగారుపడ్డాను. అమ్మకి చెబితే, "వాడు పన్ను నొప్పి గురించి పన్ను ఊడాక చెప్పే రకం. నొప్పి అని రాశాడంటే చిన్న సంగతి కాదు" అంది.

ఏం చెయ్యాలో నాకు తెలుసన్నారు. తెలిసింది, చేశాను. మీ కెమెరాని ఆ కొట్లోనే ఇచ్చేసి, నేను కొంత వేసుకుని, ఆ తేలికపాటి కొత్తది మీకోసం తీసుకున్నాను. ఇవాళే పంపుతున్నాను. ఇక మెడకి విశ్రాంతి. నా గురించి బెంగపెట్టుకోకండి, ఏదో ఒకటి చూసుకుంటాను.

మీ కందిరీగ

తా.క. కొట్లో అంతకుముందున్న పాతది అమ్ముడుపోయిందట. మీదాన్ని దాని చోట, అద్దాల బీరువా పై అరలో పెట్టారు. దారిన పోయేవాళ్లందరికీ కనిపిస్తోంది. సంతోషిస్తారని రాస్తున్నాను.


కందిరీగకి ఆశీస్సులు.

కొత్త కెమెరా చేరింది. చాలా బాగుంది. చాలా తేలిగ్గా ఉంది. ఎంత తేలికంటే, మెడలో వేసుకుని దానికోసం ఇల్లంతా వెతికాను.

కళ్లు పట్టుకోవడంలోనూ గట్టిదే. మీ అత్తయ్యని నిలబెట్టి తీస్తుంటే, ఆవిణ్ణి వదిలేసి వెనక గోడ మీది మా నాన్న ఫొటోని పట్టుకుంది. ఆయన బతికున్నప్పుడూ అంతే, తను ఉండగా ఇంకొకరి వైపు చూడనిచ్చేవాడు కాదు.

మెడ నొప్పి పూర్తిగా పోయింది. నువ్వు చేసింది మంచి పనే. నేను హాయిగా నిద్రపోతున్నాను.

మామయ్య

తా.క. ఆ కొట్టు మీ వీధికి కుడి పక్కనా, ఎడమ పక్కనా? ఊరికే అడుగుతున్నాను.


మామయ్యకి నమస్కారాలు.

కొట్టు కుడి పక్కన, మందుల షాపు దాటాక. కొత్తది మీకు నచ్చింది కాబట్టి ఇప్పుడు నిజం చెప్పేస్తాను. మీ కెమెరా నేనే ఉంచుకోవాలనుకున్నాను. పార్సిల్ విప్పితే, లెన్సు తుడవడానికి అత్తయ్య పాత చీర ముక్క కూడా మడతపెట్టి ఉంది. అది చూశాక అడుగుదామని నోటిదాకా వచ్చింది. మీ మెడ గుర్తొచ్చి ఊరుకున్నాను.

అప్పట్నుంచి రోజూ ఆ అద్దం ముందు ఆగుతున్నాను. ఇక ఉండబట్టలేక మొన్న పొద్దున వెళ్లి, డబ్బు సర్దుకుని సాయంత్రం వస్తాను, ఎవరికీ ఇవ్వొద్దని చెప్పాను. సాయంత్రానికి అర ఖాళీ. ఎవరో పెద్దాయన బేరమైనా ఆడకుండా పట్టుకుపోయాడట. కొట్టు ముందే ఏడ్చేశాను. పెళ్లి దగ్గరకొచ్చేసింది, నా చేతిలో ఏ కెమెరా లేదు.

మీ కందిరీగ

తా.క. ఆ పెద్దమనిషి ఎవడో గానీ, వాడు తీసే ప్రతి ఫొటోలోనూ అందరూ కళ్లు మూసుకోవాలి.


కందిరీగకి,

నీ శాపం తగిలింది. మొన్న తీసిన నాలుగింటిలోనూ మీ అత్తయ్య కళ్లు మూసుకునే ఉంది. ఆ పెద్దమనిషిని నేనే.

నీ జవాబు వచ్చేదాకా ఆగలేక బస్సెక్కేశాను. మీ వీధిలో రెండు పక్కలా వెతికాను. "పొద్దున ఒకావిడ అడిగిందండీ, సాయంత్రం వస్తానంది" అన్నాడు కొట్టతను. ఎవరో జగమొండి నా కెమెరా మీద కన్నేసిందని ఆ మనిషిని నానా తిట్లూ తిట్టుకుని, అడిగినంతా ఇచ్చి పట్టుకొచ్చాను. ఆ తిట్లు ఇక్కడ రాయను. మీ గుమ్మం ముందు నుంచే వెళ్లాను. కెమెరా చంకలో పెట్టుకుని నీకు మొహం ఎలా చూపించను?

నీకని నేనిచ్చినదాన్ని నాకోసమని నువ్వు అమ్మావు. దాన్ని నీతోనే పోటీపడి నేను కొన్నాను. ఇదంతా విని మీ అత్తయ్య మొహమాటం మీద ఒక సామెత చెప్పింది. మేనకోడలికి రాసే సామెత కాదు.

ఇక దాచను. పాతది నీదే, పెళ్లిలో అదే పట్టుకో. కాకపోతే చీకటి పడితే దానికి చూపు ఆనదు. అప్పటికి కొత్తది కూడా పక్కనే ఉండాలి. దాన్ని పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి. పని మానేసిన దగ్గర్నుంచి నాకు పొద్దు గడవడం లేదమ్మా. నన్ను తీసుకెళ్తావా? నువ్వు ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడతాను, ఏది తియ్యమంటే అదే తీస్తాను.

మామయ్య

తా.క. కవరు మీద స్టాంపు లేదని చూసే ఉంటావు. తలుపు కింద నుంచి నేనే తోశాను. రెండు కెమెరాలూ మెడలో వేసుకుని బయటే నిలబడి ఉన్నాను. బెల్లు కొట్టడానికి మొహమాటంగా ఉంది.