ఏటి వాటా

చిరంజీవి మా ఇంజనీరు మనవరాలికి నాయనమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను. ఈ వాక్యం లేకపోతే ఉత్తరం మొదలుకాదు కాబట్టి రాశాను. అందులో నిజమెంతో కిందికి చదివి నువ్వే తేల్చుకో.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. నేను తిట్టడం మొదలుపెట్టగానే నీకు సిగ్నల్ పోతుంది. కాగితానికి ఆ రోగం లేదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. ఏట్లో గొట్టం మూతి దగ్గర జల్లెడ మీద ఆకులు రోజూ తీస్తున్నారా అన్నావు. తీస్తున్నాను, నేనే. మీ నాన్న ఆ పనికో మనిషిని పెడతానన్నాడు. ఆ మనిషి దొరికేదాకా చెట్లు ఆకులు రాల్చకుండా ఆగుతాయా? నా గదిలో దీపం ఇంకా మినుకుమినుకుమంటోందా అన్నావు. లేదు, నిన్నటిదాకా దివ్యంగా వెలిగింది. ఎందుకంత దివ్యంగా వెలిగిందో చెప్పడానికే ఈ ఉత్తరం. మోకాళ్ళ సంగతి అడిగావు. వాటికి నీకన్నా బుద్ధుంది. ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే సరే అనవు.

నువ్వు ఏటికి అడ్డంగా గోడ కట్టించినప్పుడు మధ్యలో జానెడు గండి వదిలించావు. గొట్టం మూతిని ఆ గండికన్నా కాస్త ఎత్తులో పెట్టించావు. ఎందుకే అని అడిగితే, "ముందు ఏరు తాగుతుంది నాయనమ్మా, మిగిలిందే మనకి" అన్నావు. ఆ మాటకి నేనెంత పొంగిపోయానో నాకే సిగ్గుగా ఉంది ఇప్పుడు. గొట్టంలో పడ్డ నీళ్ళు వాలంతా దిగి, మన టర్బైన్ తిప్పి, ఇంటికి కరెంటిచ్చి, దిగువన మళ్ళీ ఏట్లో కలుస్తాయి. గోడకీ, ఆ కలిసే చోటుకీ నడుమ ఉన్న ఇల్లు ఒక్కటే. మీ మేనత్తది. గొట్టం తన పెరట్లోంచి పోనివ్వడానికి అది ఒప్పుకుందంటే ఆ జానెడు గండిని చూసే కదా?

ఇక మీ నాన్న ప్రతాపం విను. ఎండలు ముదరగానే ఐసు మిషను కొన్నాడు. ఎండలు ముదిరితే ఐసుకి గిరాకీ పెరుగుతుందని తెలిసింది గానీ, ఏట్లో నీళ్ళు తగ్గుతాయని మాత్రం తట్టలేదు. టర్బైన్ నీరసపడింది, మిషను మూలిగి ఊరుకుంది. ఇంకేముంది, మేస్త్రీని పిలిచి గండికి సిమెంటు పూయించాడు. ఉన్న నీళ్ళన్నీ గొట్టంలోకి. ఇంట్లో దీపాలు పెళ్ళివారింటిలా వెలిగాయి.

మీ అత్త ఇంటి ముందు ఏరు ఎండింది. నేతవాళ్ళకి అది రంగు వేసిచ్చే నూలు పారే నీళ్ళలో జాడిస్తేనే అదనపు రంగు కొట్టుకుపోతుందని నీకు తెలుసు, చిన్నప్పుడు ఆ నీళ్ళలో నీలం చేతులేసుకుని తిరిగినదానివే. పాపం తొట్టిలో నీళ్ళు పోసుకుని జాడించింది. వదిలిన రంగు మళ్ళీ నూలుకే పట్టి, చారలు చారలుగా మచ్చలు తేలాయి. నేతవాళ్ళు నూలంతా వెనక్కి పంపారు. ఇంకోసారి ఇలా అయితే వేరేచోట చూసుకుంటామని కబురు కూడా పంపారు. దాని చేతిలో ఉన్నది ఆ ఒక్క పనే.

నేను చూడ్డానికి వెళ్తే పెరట్లో గొట్టం పక్కన కూర్చుని ఉంది. గొట్టం లోపల నీళ్ళు పరిగెడుతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. పక్కన ఏట్లో రాళ్ళు కాలుతున్నాయి. అన్నని అడగవేమే అన్నాను. "అన్నయ్య కదమ్మా" అంది. ఆ మాట విని నాకు దాని మీద కూడా ఒళ్ళు మండింది.

ఇంటికొచ్చి మీ నాన్నని నిలదీశాను. నీళ్ళు ఎక్కడికీ పోవట్లేదుగా, కింద మళ్ళీ ఏట్లోనే కలుస్తున్నాయిగా అన్నాడు. కంచంలో అన్నం కూడా ఎక్కడికీ పోదురా, ఎవరో ఒకరి కడుపులోకే పోతుంది, అంతమాత్రాన పక్కవాడి ఆకలి తీరినట్టేనా అన్నాను. అప్పుడు వదిలాడు అసలు బాణం. "నీ మనవరాలినే అడిగాను. ఏం కాదంది."

నీ పెట్టెలోంచి ఇంజనీరింగ్ పట్టా తీసి పొయ్యిలో పెట్టాలనిపించింది. తరవాత నెమ్మదిగా కూపీ లాగాను. గండి మూస్తే మిషనుకేమైనా అవుతుందా అని వాడడిగాడు, మిషనుకేం కాదు నాన్నా అని నువ్వన్నావు. అంతే కదూ? గోడ కట్టించినప్పుడు ఏరు తాగాలన్న పిల్ల, అడిగినప్పుడు మిషను గురించి మాత్రం ఆలోచించింది. కింద అత్త ఉందన్న సంగతి నీ లెక్కలో ఏ గడిలోనూ లేదు. మీ నాన్నది దురాశ, దానికి మందు లేదు. నీది పరాకు. నా కోపం రెండోదాని మీదే ఎక్కువ. ఎందుకంటే నిన్ను నేను చదివించాను.

ఇప్పుడు దాచిపెట్టిన మాట చెబుతాను. ఈ ఉత్తరం ఇంట్లో కూర్చుని రాయడం లేదు. నిన్న మీ నాన్న ఐసు దింపడానికి బజారుకి వెళ్ళగానే గడ్డపార తీసుకుని ఆ సిమెంటు పగలగొట్టాను. అరచేతులు బొబ్బలెక్కాయి, అందుకే దస్తూరి ఇలా ఏడుస్తోంది. మిషను ఆగిపోయి, అందులో ఉన్న ఐసంతా కరిగిపోయింది. ఇవాళ వాడు మళ్ళీ మేస్త్రీని తెచ్చాడు. వాళ్ళకన్నా ముందే నేను ఇనుప కుర్చీ తెచ్చి గండికి అడ్డంగా వేసుకుని, గొడుగు పట్టుకుని, ఏట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. కాళ్ళ మధ్యనుంచి నీళ్ళు చక్కగా పోతున్నాయి. ఒళ్ళో అట్ట పెట్టుకుని నీకు రాస్తున్నాను.

మేస్త్రీ మర్యాదస్తుడు. కాస్త కాళ్ళు పైకి పెట్టుకోండి పెద్దమ్మగారూ అన్నాడు. మోకాళ్ళు వంగవు నాయనా అన్నాను. మీ నాన్న చెవులు ఎర్రబడ్డాయి.

"నీ కూతురి కోసం నన్ను ముంచుతావా అమ్మా?"

"ముంచడానికి నీళ్ళుండొద్దూ? అవన్నీ నువ్వు పట్టుకుపోయావుగా."

మేస్త్రీ నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. మీ నాన్న వెళ్ళి గట్టు మీద కూర్చున్నాడు, పదేళ్ళ పిల్లాడిలా మూతి ముడుచుకుని. కన్నకొడుకు కదా, చూస్తే జాలే వేసింది. కానీ జాలికీ లేచి నిలబడడానికీ సంబంధం లేదని ఊరుకున్నాను.

ఇప్పుడే కింద మీ అత్త నూలు చిలపలు చేతికి వేసుకుని ఏట్లో దిగింది. నా వైపు చూడలేదు, వాళ్ళన్న వైపు చూడలేదు, వంగి జాడించడం మొదలుపెట్టింది.

నేను రోజూ ఇక్కడ కూర్చోలేను. వానలు పడేదాకా ఐసు మిషను ఆపెయ్యమని, గండి ముట్టుకుంటే టర్బైన్ విప్పి పట్టుకెళ్తానని మీ నాన్నతో నువ్వే చెప్పాలి. ఫోనులో కాదు. వచ్చి, వాడి ఎదురుగా నిలబడి, అత్త వినేలా చెప్పాలి. తల్లి మాట వాడికి చాదస్తం, చెల్లెలి మాట గొణుగుడు, కూతురి మాట మాత్రం ఇంజనీరు మాట.

మేస్త్రీ కలిపిన సిమెంటు తట్టలోనే గట్టిపడిపోయింది. మళ్ళీ కలపనా అని మీ నాన్నని అడుగుతున్నాడు. మీ నాన్న ఇంకా జవాబు చెప్పలేదు. ఆ జవాబు వచ్చేలోగా నువ్వు రా.

ఇట్లు,
ఏట్లో కాళ్ళు నానుతున్నా కోపం చల్లారని
మీ నాయనమ్మ