మార్తా ఆంటీ ఆఖరి రికార్డింగ్

మంగళవారం, వైశాలి (ఢిల్లీ శివారు)

ఈ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ళు ఎదురుపడితే చెంప పగలగొట్టాలని ఉంది. ఏదైనా చెరిపేసే ముందు ఒక్కసారి అడిగే ఏర్పాటు చెయ్యండి మహాప్రభో అని మూడుసార్లు రాశాను. మూడుసార్లూ "మీ సూచనకు ధన్యవాదాలు" అన్నారు. కొత్త వెర్షన్‌లో బటన్లకు రంగులు మాత్రం మార్చారు. ఆ వెర్షనే నిన్న, వాడని ఫైళ్ళు అనుకుని మార్తా ఆంటీ పాటను ఊడ్చిపారేసింది. ఇంకో కాపీ దాచుకోకపోవడం నా తప్పే. అయినా ఒళ్ళు మండిపోతోంది.

మా చర్చి క్వైర్‌లో ముప్ఫై ఏళ్ళు పాడిన ఆంటీ, ఆపరేషన్‌కి ముందు ఆదివారం మా గదిలో కూర్చుని ఆఖరిసారి పాడితే నేనే రికార్డు చేశాను. కేన్సర్ వల్ల స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇక పాట కాదుకదా, మాట కూడా రాదు.

ఈ సాయంత్రం ఘాజియాబాద్‌లో ఆసుపత్రికి వెళ్ళాను. ఆవిడ కూతురు కుర్చీ జరుపుతూ, "మమ్మీ సుబహ్ సే, పొద్దుట్నుంచీ, మీకోసమే వెయిటింగ్, భయ్యా" అంది.

ఆంటీ ఫోన్‌లో టైప్ చేసి చూపించారు: "పాట తెచ్చావా?"

"పోయింది ఆంటీ. సాఫ్ట్‌వేర్ నన్ను అడక్కుండానే తీసేసింది."

ఆవిడ మళ్ళీ ఫోన్ తీసుకుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైప్ చేశారు.

"డాక్టరు నన్ను అడిగే తీశాడు."

ఫోన్ దిండు కింద పెట్టి గోడవైపు తిరిగిపోయారు. రేపు మళ్ళీ ఏ మొహంతో వెళ్ళాలో...