పోగుల నడుమ ప్రాణం

అన్నా,

ఎట్లున్నావని అడగలేను కదా... పోలీసులు నిన్ను పట్టుకుపోయి, మాకు శవాన్ని అప్పగించి ఏడాది నిండింది. సిరిసిల్లలో నువ్వు ఆదివారాలు నడిపిన సైన్సు క్లాసు ఆనాడే ఆగిపోయింది. నీ పేరెత్తడానికే వాడకట్టు భయపడింది.

మొన్న దాన్ని నేను మళ్లీ మొదలుపెట్టాను. పిలిచానే గాని, ఒక్కరైనా వస్తారా? రాకపోతే నువ్వు రెండోసారి పోయినట్టే కదా...

వచ్చారన్నా. ముందు మగ్గాలకు నూలు కండెలు చుట్టే రాజవ్వ, ఆమె వెనక వాడకట్టు ఆడవాళ్లు.

జగిత్యాల కాలేజీలో నువ్వు చూసిన మైక్రోస్కోపు మనకెక్కడిది? బట్టలో పోగులు లెక్కపెట్టే అద్దం కింద ఉల్లిపొర పరిచి, ఎర్రసిరా చుక్క వేశాను. రాజవ్వ వంగి చూసి, అలవాటు కొద్దీ గీతలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నేత పలచగా ఉందని వంక కూడా పెట్టింది. అందరూ నవ్వారు. నాకు కోపం ముంచుకొచ్చింది... నా సంగతి నీకు తెలియనిదా?

అప్పుడు, కోరుట్లకు కరపత్రాలు మోసుకుపోతూ ఇదే ఉల్లిపొర గురించి నువ్వు దారిలో అన్న మాట గుర్తొచ్చింది. "గోడలు కాదు చెల్లె, నడుమ ఉన్నది సూడు. పానం ఆడనే ఉన్నది."

అదే చెప్పాను. ఆ గీతలే గోడలని, మొదట చూసినవాళ్లు కూడా వాటినే చూసి చిన్నగది అని పేరు పెట్టారని, సెల్ అంటే అదేనని. లోపలి జిగట పదార్థానికి చాలా కాలం తర్వాత ప్రోటోప్లాజం అని పేరొచ్చిందని. అందులో గ్రీకు మాటలు రెండు. ఒకటి మొదటిది, ఇంకొకటి మలచినది. అన్నిటికన్నా ముందు రూపు కట్టినది అన్నమాట. మన పుస్తకాల్లో జీవపదార్థం.

రాజవ్వ ఊరుకుంటుందా? "గట్లయితే దొర పెయ్యిల సుత గిదేనా?"

ఎవరి ఒంట్లోనైనా అదేనన్నాను. దొరకొకటి, పాలేరుకొకటి లేదన్నాను. ఎవరూ నవ్వలేదన్నా...

అంతలో వాళ్లందరికీ పని ఇచ్చే మగ్గాల ఆసామి గడపలోకి వచ్చి, ఈ క్లాసు ఎవరిదని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే రాజవ్వ, అద్దం మీది కన్ను తీయకుండా, నీ పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా.

ఆసామి వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఒక్కరూ లేవలేదు. మిగతా పాఠం చెప్పమని వాళ్లే నన్ను గదమాయించారు.

ఇక నన్ను పట్టుకుపోయినా ఇది ఆగదు. ఆ మాట నీకిస్తున్నాను.

నీ చెల్లె