నిమిషంలో ముఖ్యోద్దేశం

17 అక్టోబరు 2005, సోమవారం. ఉదయం 6.10

పది వాక్యాల పేరా చదవగానే, రాసిన మనిషి ఏ పని మీద రాశాడో అందరికీ ఇట్టే ఎలా తెలిసిపోతుంది? ఇరవై రెండేళ్లుగా నన్ను వదలని ప్రశ్న. విశాఖలో ఎమ్మే అయ్యాక బ్యాంకు పరీక్షకు కూర్చుంటే, ‘ఈ పేరా ముఖ్యోద్దేశం ఏమిటి?’ అని కింద నాలుగు జవాబులిచ్చారు. నాలుగూ న్యాయంగానే తోచాయి. నాలుగింటికీ న్యాయం చేసేలోపు గంట కొట్టారు. అందుకే పలాస నుంచి టెక్కలికి రోజూ బస్సెక్కి ఆఫీసులో ఫైళ్లు కడుతున్నాను.

ఇప్పుడు ఎదురింటి గౌరీశ్వరి అలాంటి పరీక్షే రాయబోతోంది. డిగ్రీ ప్రైవేటుగా కట్టి పాసైన పిల్ల. పగలు జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగు బల్ల దగ్గర పని. నవంబరు ఆరున విశాఖలో పరీక్ష. ఈసారి ఉద్యోగం రాకపోతే పుస్తకాలు అటకెక్కించమని వాళ్లమ్మ పైడితల్లి తేల్చేసింది. ఇంగ్లీషు నేను చూస్తానని మాటిచ్చాను.

నిర్ణయాలు:
1. రోజూ సాయంత్రం 6.30కి ఒక పేరా.
2. ముఖ్యోద్దేశం ఒక్క నిమిషంలో తేల్చాలి. నేను కూడా.
3. పెట్టిన టిక్కు మార్చకూడదు.

ఇంత సులువైన పని ఇన్నేళ్లూ ఎందుకు చేయలేదో!

18, మంగళవారం. రాత్రి 7.00

పేరా: తేయాకు ఏ దేశం నుంచి ఏ దేశానికి వెళ్లింది. గౌరీశ్వరి చదివింది, ‘సమాచారం ఇవ్వడం’ దగ్గర టిక్కు పెట్టింది. ఇరవై సెకన్లు. సరైనదే. (వెనక పేజీలో జవాబు ముందే చూసుకున్నాను. డైరీలో దాపరికం ఎందుకు?)

“అంత తొందరగా ఎలా తేల్చావే?”

“ఏటుంది పిన్నీ. పప్పు బల్ల మీద పడగానే గుండో, బద్దో, ముక్కో సూపుకే తెలిసిపోద్ది. ఒక్కోటీ సేతిలోకి తీసి తిప్పి సూత్తే మేస్త్రీ ఊరుకుంటాడేటి?”

గుండు అంటే నిండు పప్పు, బద్ద అంటే సగం. నోట్సులో రాసుకున్నాను. మొదటి రోజే పంతులమ్మ శిష్యురాలి దగ్గర నోట్సు రాసుకుంది. శుభం.

20, గురువారం. 7.40

నిన్న బస్సు రాలేదు. పేరా లేదు. ఈరోజు సముద్రపొడ్డున సరుగుడు తోటలు గాలినెలా ఆపుతాయో చెప్పే పేరా. గౌరీశ్వరి టిక్కు: ‘వివరించడం’. పదిహేను సెకన్లు.

నాకు ఆగలేదు. “తుపాను చూసినవాడు ఊరికే వివరిస్తాడా? మొక్కలు నాటమని ఒప్పించడం కాదూ?”

“నాటమని ఎక్కడా అన్లేదు కదా పిన్నీ.”

“అననిదే అసలు ఉద్దేశం కావచ్చు.”

ఆ పిల్ల పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. నాకు ముచ్చటేసింది. ఆలోచించడం నేర్పుతున్నాను!

22, శనివారం. రాత్రి 8.30

ఆఫీసు నుంచి వచ్చేసరికి బల్ల మీద మావారి చీటీ. ‘భావనపాడు చేపలు తెచ్చాను. వంటింట్లో ఉన్నాయి. అక్క రాత్రికి వస్తుంది.’ మూడు వాక్యాలు. నిర్ణయం 2 ప్రకారం నిమిషంలో తేల్చాలి.

అ) సమాచారం ఇవ్వడం.
ఆ) వండమని కోరడం.
ఇ) ఇంట్లో లేవని దెప్పడం.

ఇ దగ్గర ఇరవై నిమిషాలు ఆగాను. ఈలోపు పిల్లి ఒక్క క్షణంలో తేల్చుకుంది.

మావారు జగన్నాథరావు హైస్కూల్లో లెక్కల మాస్టారు. అనుమానం అనే జబ్బు లేని మనిషి. “వండమని రాత్తే పిల్లికి పెట్టావేటే?”

“వండమని ఎక్కడ రాశారు?”

“మరి సేపలు ఎందుకు తెచ్చాననుకున్నావు, పెంచుకోడానికా?”

వదిన పప్పుచారు పోసుకుని మాట్లాడకుండా తింది. ఆ మౌనం ముఖ్యోద్దేశం జోలికి నేను పోలేదు.

25, మంగళవారం

వర్షం. ఆఫీసులో తనిఖీ. తలనొప్పి. మూడు రోజులుగా పేరా లేదు. ఆ మాటకొస్తే విశ్రాంతి కూడా చదువులో భాగమే.

సవరణలు: నిమిషం బదులు మూడు నిమిషాలు. సరైన కారణం ఉంటే టిక్కు ఒకసారి మార్చవచ్చు.

28, శుక్రవారం. ఉదయం 7.15

పైడితల్లి గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

“ఏటమ్మా, మా పిల్లకి ఏటి నేర్పతన్నావు? బల్ల కాడ పప్పు తీసి పెడతందట, మళ్లీ తీసి సూత్తందట. ‘ఇది గుండే గానీ పక్కన గీత ఉంది, లోపల బద్దేమో’ అంటందట. పక్క బల్లోళ్లు నవ్వుతన్నారు. రెండు దినాలు రావొద్దన్నాడు మేస్త్రీ.”

“పరీక్ష కోసం కాస్త నిదానంగా...”

“నిదానం నీకు సెల్లుద్దమ్మా. కుర్సీలో కూకుని సేసే పని నీది.”

ఆరేళ్లుగా తప్పు పట్టడానికి వీల్లేకుండా పనిచేసిన పిల్లను పది రోజుల్లో నాలా చేసేశాను. ఇంత వేగంగా నేనే పనీ చేసి ఎరగను.

1 నవంబరు. దీపావళి. పేరా లేదు.

2, 3, 4: రాయలేదు. ఏం రాయను?

5, శనివారం. సాయంత్రం 5.00

స్టేషనుకు బయల్దేరే ముందు గౌరీశ్వరి వచ్చింది. చెప్పాల్సింది చెప్పేశాను. “నేను చెప్పిందంతా మర్చిపో. మొదట తోచిందే పెట్టు.”

“ఎలా మర్సిపోతాను పిన్నీ? మీరు సెప్పింది అబద్ధమైతే మర్సిపోయేదాన్ని.”

ఇది మెప్పా, నిష్ఠూరమా అని ఆలోచిస్తూ గేటు దగ్గరే ఉండిపోయాను. ఆమె వీధి మలుపు తిరిగాక గుర్తొచ్చింది, ‘బాగా రాయి’ అనలేదని.

7, సోమవారం. రాత్రి 7.30

గౌరీశ్వరి వచ్చింది. లెక్కలు బాగా చేసిందట. ఇంగ్లీషులో ఒక్క పేరా దగ్గర చిక్కుకుందట. ఒక ఊళ్లో పాత గ్రంథాలయం మూసేశారు. పుస్తకాలన్నీ ఒక గదిలో పెట్టి తాళం వేశారు. పిల్లలు ఇప్పుడు బస్టాండులో కూర్చుని పాత పేపర్లు చదువుతున్నారు. అంతే పేరా.

“ముందు ‘వివరించడం’ గడి దిద్దాను పిన్నీ. పక్క ప్రశ్నకి పోయాను. అప్పుడు మీరు గుర్తొచ్చారు. తాళం సంగతి ఊరికే ఎందుకు సెప్తాడు అనిపించింది. వెనక్కొచ్చి రబ్బరెట్టి సెరిపేసి, ‘విమర్శించడం’ దిద్దాను. దాంతో ఆఖరి మూడు ప్రశ్నలకి టైం సాల్లేదు.”

నేను నోరు తెరవకముందే చెయ్యి అడ్డం పెట్టింది. “ఏది కరెక్టో ఇప్పుడు సెప్పకండి.”

చెప్పమన్నా చెప్పలేను కదా.

ఫలితాలు రావడానికి మూడు నెలలు పడుతుందట. అంతవరకూ పుస్తకాలు కిందే ఉంచుకోమని పైడితల్లి ఒప్పుకుంది. ఫ్యాక్టరీలో మళ్లీ పనిలోకి తీసుకున్నారు, గ్రేడింగుకు కాదు, ముక్కలు ఏరే బల్ల దగ్గర. రైల్వే పరీక్ష పడుతుందట, దరఖాస్తు తెచ్చింది. “రేపు ఆరున్నరకి రానా పిన్నీ?”

“రా” అన్నాను. అనకూడదేమో అని అన్నాక తోచింది.

రేపటి నుంచి:
1. రోజూ ఒక పేరా.
2. నిమిషం అంటే నిమిషమే.
3. నేను మాట్లాడకూడదు.

ఆ పిల్ల చెరిపేసిన గడి సరైనదా, దిద్దిన గడి సరైనదా? ఆఫీసు బస్సులో పోతూ వస్తూ రేపు కూడా ఇదే ఆలోచిస్తానని తెలుసు. పేరా మొత్తం కంఠతా వచ్చేసింది. నాకింకా తేలలేదు.