చేప తల

ఇగో, నిన్నే. నీ పేరు రాయడానికి ఇప్పటికీ చెయ్యి రాదు.

మన మనవరాలు సునీత రోజూ గుట్ట బండల మీద మోటార్ బండి ఎగిరిస్తోంది. చైన్ తెగి పడుతుందేమోనని నాకు ముద్ద దిగదు. నా ఫికర్ చూడలేక నల్లగొండలో మందమైన, గట్టి చైన్ ఏరి తెచ్చి, వాకిట్లో తనే ఎక్కించింది.

నేను వంగి చూశాను. చైన్ కొసలను కలిపే చేపలాంటి క్లిప్ తిరగబడి ఉంది. నీ మెకానిక్ షాపులో నీ నోట రోజూ విన్నదేగా, చేప తల చైన్ నడిచే దిక్కుకే ఉండాలని, లేకుంటే రాయి తగిలి ఊడుతుందని.

"చేప ఎనకకు ఈదుతాంది బిడ్డా," అన్నాను.

"నీకేమెరుక అవ్వా?" అని నవ్వింది. మళ్లీ చూసి, నవ్వు ఆపి, తిప్పి పెట్టింది.

నువ్వు పోయినాక ఈ ఇంట్లో నా మాట ఒకరు వినడం ఇదే మొదలు. అదీ నీ మాటే.