ఉత్తుత్తి బుకింగులు

బావా,

నీళ్ళు లేని కాడ వలేత్తన్నానని నిన్న నలుగుర్లో అనేసినావు. ఇప్పుడేమో ఫోనెత్తట్లేదు. అందుకే ఇది రాసి ఆటోలో అక్కకి పంపుతన్నాను, సదివి ఇనిపిత్తాది.

నాను సేసేది ఆట కాదు బావా. సేపలమ్మే ఆడోళ్ళు పలాస ఐసు ఫేక్టరీకి ఫోన్లో బుకింగు పెడతారు కదా. అది లోపలికెళ్ళే ముందు తనిఖీ సేసే సిన్న ప్రోగ్రాం నాను రాసినాను. వెబ్ అసెంబ్లీ ప్లగిన్ అంటారు దాన్ని. నిజం బుకింగులొచ్చాక తప్పు దొరికితే ఐసు అందక సేపలు కుళ్ళిపోతాయి. అందుకే నల్ల స్క్రీన్ మీద కమాండు కొట్టి, ఉత్తుత్తి బుకింగులు పంపి ముందే సూసుకుంటన్నాను.

నిన్న నువ్వు తిట్టెళ్ళాక అక్క నంబరుతో అక్క పేరు మీదే ఒకటి పంపినాను, ప్రోగ్రాం ఒప్పుకుంది. అదే నంబరుతో రత్నాలమ్మత్త పేరు మీద పంపితే దొంగ బుకింగని తోసేసింది. మగోళ్ళు ఫోన్లట్టుకుని గుజరాత్ బోట్లకి ఎలిపోతే, మన వీధి ఆడోళ్ళందరికీ అక్క ఫోనే కదా దిక్కు! ఒక నంబరుకి ఒక్క మనిషే ఉంటాదని రాసేసినాను, మనూర్లో పుట్టి కూడా. దిద్దేసినాను. ఇప్పుడు అందరివీ ఎల్తన్నాయి.

ఈయేళ నిజం బుకింగులు మొదలు. బాగా నడిత్తే ఫేక్టరీలో పని నాదేనన్నారు. నడవకపోతే నీతో గుజరాత్ వొచ్చి బోటెక్కుతాను, మాటిత్తన్నాను. నా రైలు టికెట్టు మాత్రం ఇప్పుడే కొనేయకు.

ఫేక్టరీ ఓనరు పిలుత్తన్నాడు, ప్లగిన్ ఎక్కించాలట. ఎల్లాలి బావా.