ఆఖరి రైలూ, తొమ్మిది ఖాళీ ఫ్రేములూ

చి. మినోరీ, నా మోకాలు బాగుంది, నోరు ఇంకా బాగుంది.

నిన్నటితో మన కొండదారి రైలు ఆగిపోయింది. ఆ ఆఖరి రైలు ఫోటోలతోనే ఆదివారం మా సరదా ఫోటోల సంఘం ప్రదర్శన. తొమ్మిదిమందిమీ తెల్లవారకముందే వంతెన ఎదుట కెమెరాలు నిలబెట్టాం.

"ఫుసా బామ్మగారూ, కాస్త తల దించండి!" అన్నాడు వెనకనుంచి మా సంఘంలోని కురిహారా.

"డెబ్భై తొమ్మిదేళ్ళుగా ఎవరికీ దించని తల. నువ్వే పీట ఎక్కు నాయనా!" అన్నాను.

సాయంత్రానికి ఆ ఆఖరి రైలొచ్చింది. డ్రైవరు టోపీ తీసి ఊపాడు. నేను మీట నొక్కడం మరిచి రెండు చేతులూ ఊపేశాను! తిట్లు తప్పవనుకుని వెనక్కి చూస్తే, ఎనిమిదిమందీ ఊపుతున్నారు. ఒక్కరూ ఫోటో తీయలేదు.

సోయా ముద్ద ఊరబెట్టిన మిసో జాడీ మీద బరువు పెట్టారా? మీ అమ్మ మరిచిపోతుంది, నువ్వే చూడు.

ఆదివారం తప్పక రా. తొమ్మిది ఖాళీ ఫ్రేములు వేలాడదీస్తున్నాం. అన్నిటిలోకీ తనదే బాగా వచ్చిందని కురిహారా అప్పుడే గొప్పలు పోతున్నాడు.

అందరికీ ఆశీస్సులు.
బామ్మ